కారణం గడిలో ‘ఏదో ఒకటి పెట్టెయ్’ అంటే పోయే డబ్బు

సంక్రాంతి వెళ్ళిన రెండు మూడు వారాలకి ఆంధ్రా బోర్డర్ పక్కనే ఒరిస్సాలో ఉన్న పర్లాకిమిడిలోనో గుణుపురంలోనో ఏ నెట్ సెంటర్ దగ్గర కాసేపు నిలబడినా ఒక సీన్ కనిపిస్తుంది. గోడకి ఒడియాలో రాసిన రేట్ల కాగితం, లోపల మాటలన్నీ తెలుగు, పాతికేళ్ళ కుర్రాడొకడు ఫోన్లో పాత కంపెనీ ఐడీ కార్డు ఫోటో చూపిస్తూ "తమ్ముడూ, పీఎఫ్ తీయాలి" అంటాడు. కంప్యూటర్ ముందున్నవాడు టకటకా కొట్టుకుంటూ పోయి ఒక గడి దగ్గర ఆగుతాడు. "మానేసిన కారణం ఏం పెట్టమంటావన్నా?" "ఏదో ఒకటి పెట్టెయ్, డబ్బులు పడితే చాలు."

పీఎఫ్ వరకూ ఆ మాట చెల్లిపోతుంది, ఎందుకంటే నువ్వే మానేసావా వాళ్ళే పొమ్మన్నారా అనేది పీఎఫ్ పెద్దగా పట్టించుకోదు. కానీ అదే కుర్రాడికి జీతంలోంచి ఈఎస్ఐ (చిన్న జీతాల ఉద్యోగులకి వైద్యం, బీమా ఇచ్చే ప్రభుత్వ పథకం) కూడా కట్ అయ్యుంటే, రెండేళ్ళు దాటి పనిచేసుంటే, ఇంకో ఆఫీసులో ఇంకో గడి ఉంటుంది, అక్కడ పడే ఒక్క మాట మీద ఇరవై వేల దాకా ఆధారపడి ఉంటుంది. ఉద్యోగం ముందుగా మానేసినవాడికి నిరుద్యోగ భృతి వస్తుందా అని అడిగేది ఆ డబ్బు గురించే. అది ఉందనే చాలామందికి తెలీదు, తెలిసినవాళ్ళలో సగం మంది మనకి రాదులే అని వదిలేస్తారు, మిగతావాళ్ళు తప్పు మాట చెప్పి పోగొట్టుకుంటారు.

ముందు పేరు గురించి ఒక గందరగోళం ఉంది. నిరుద్యోగ భృతి అనగానే మనోళ్ళకి గుర్తొచ్చేది ఎలక్షన్ హామీ. ఆంధ్రాలో 2018 అక్టోబర్ 2న మొదలుపెట్టిన యువనేస్తం లాంటిది, డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న కుర్రాళ్ళకి నెలకి వెయ్యి రూపాయలు. అది అసలు ఉద్యోగమే దొరకనివాళ్ళకి పెట్టింది, పైగా ఆంధ్రా వాళ్ళకి, పాతపట్నం దాటి ఇవతల ఒరిస్సా ఆధార్ ఉన్నవాళ్ళకి దాంతో సంబంధమే లేదు. ఇక్కడ సంగతి వేరు. చేస్తున్న ఉద్యోగం పోయాక, ఇన్నాళ్ళూ మన జీతంలోంచి కట్టిన దానికి బదులుగా వచ్చే డబ్బు ఇది, ఇన్సూరెన్స్ అన్నమాట, ఎవరి దయా కాదు. అమెరికాలో లేఆఫ్ అయితే గవర్నమెంటు వారం వారం డబ్బులిస్తుంది అని వీడియోలు చూసి మనకి అలాంటిదేం లేదు అనుకుంటారు. అక్కడ కూడా సరైన కారణం లేకుండా తనంతట తాను మానేసినవాడికి మామూలుగా ఇవ్వరు, ఆ ముక్క వీడియోల్లో చెప్పరు. మనకి ఉన్నది చిన్నదే కానీ ఉంది, 2018 జులై 1న పైలట్‌గా మొదలుపెట్టి అప్పట్నుంచి గడువు పొడిగిస్తూ వస్తున్నారు. పేరు అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన. రెండుసార్లు పలికితే నోరు నొప్పెడుతుంది కాబట్టి అందరూ ఏబీవీకేవై అనే అంటారు.

మొదట్లో ఇది మరీ పిసినారి స్కీము. రోజు సంపాదనలో పావు వంతు, అదీ ఉద్యోగం పోయిన 90 రోజుల తర్వాత, నాలుగు కాంట్రిబ్యూషన్ పీరియడ్లలోనూ 78 రోజుల చొప్పున కట్టుంటేనే. ఇక్కడ పీరియడ్ అంటే ఆరు నెలలు, ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ ఒకటి, అక్టోబర్ నుంచి మార్చి ఇంకోటి. కరోనా టైములో 2020 మార్చి 24 నుంచి వర్తించేలా సడలించారు: పావు కాస్తా సగం అయింది, 90 రోజుల ఆగడం 30 రోజులయింది, 78 రోజుల రూలు కూడా తగ్గించి, ఉద్యోగం పోవడానికి ముందు పీరియడ్‌లో 78 రోజులు, అంతకుముందు మూడింట్లో ఏదో ఒకదాంట్లో 78 రోజులు ఉంటే చాలన్నారు. ఉద్యోగం పోయే నాటికి వెనక్కి చూస్తే కనీసం రెండేళ్ళు ఈఎస్ఐ కింద ఉండాలన్నది మాత్రం అలాగే ఉంది. ఇచ్చేది గరిష్ఠంగా 90 రోజులకి, జీవితం మొత్తంలో ఆ 90 రోజులే.

లెక్క కాగితం మీద వేస్తే ఇలా ఉంటుంది. పైడిభీమవరం వైపు ఫార్మా కంపెనీలో కాంట్రాక్టర్ కింద నెలకి 14,000 తీసుకున్నవాడు అనుకుందాం. నాలుగు పీరియడ్లు అంటే 24 నెలలు, మొత్తం 3,36,000. దాన్ని 730తో భాగిస్తే రోజుకి 460 చిల్లర. అందులో సగం 230. 90 రోజులకి దగ్గర దగ్గర 20,700. ఇందుకోసం ఆ మనిషి జీతంలోంచి పోయింది నెలకి 105 రూపాయలు, ఎందుకంటే 2019 జులై నుంచి ఉద్యోగి వాటా 0.75 శాతమే, కంపెనీ వాటా 3.25 శాతం. ఈ లెక్క కాంట్రాక్టర్ ఈఎస్ఐ సైట్లో చూపించిన జీతం మీద పడుతుంది తప్ప చేతికిచ్చిన జీతం మీద కాదు. 14,000 ఇచ్చి 9,000 చూపించే చోట 20,700 కాస్తా 13,300 దగ్గరకి వచ్చేస్తుంది. జీతం నెలకి 21,000 దాటితే అసలు ఈఎస్ఐలోనే ఉండరు, వాళ్ళకి ఈ తలుపు లేనట్టే.

ఇప్పుడు అసలు మెలిక. తెలుగులో ఉద్యోగం పోతే మనం వాడే మాట ఒక్కటే, "మానేసా". కాగితం రాసిచ్చి బయటికొచ్చినా మానేసా, సూపర్‌వైజర్ రేపట్నుంచి రావద్దన్నా మానేసా, కాంట్రాక్ట్ అయిపోయినా మానేసా, పండక్కి ఊరొచ్చి మళ్ళీ వెళ్ళకపోయినా మానేసా. "తీసేసారు" అని నోటితో చెప్పడానికి నామోషీ. పిల్లనిచ్చేవాళ్ళు ఉంటారు, చుట్టాలు ఉంటారు, "కంపెనీ వోళ్ళు తీసేసారట మామా" అని ఊళ్ళో ఎవడో అంటాడు. అందుకని ఎంత అన్యాయంగా గెంటేసినా సరే, నేనే మానేసా అక్కడ పని బాలేదు అని చెప్పుకోవడం అలవాటైపోయింది. ఊళ్ళో ఆ మాటతో పరువు నిలబడుతుంది, ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసులో అదే మాట రాసిచ్చారంటే క్లెయిమ్ అక్కడితో సరి. ఏబీవీకేవై రూల్స్‌లో ఎవరికి రాదు అనే జాబితా ఉంది, అందులో తనంతట తాను పని వదిలేసినవాళ్ళు ఉన్నారు, వీఆర్ఎస్ తీసుకున్నవాళ్ళు, రిటైరైనవాళ్ళు, తప్పు చేసి క్రమశిక్షణ కింద తీసేయబడ్డవాళ్ళు, చట్టవిరుద్ధం అని తేలిన సమ్మెలో ఉన్నవాళ్ళు ఉన్నారు.

కాబట్టి నిజంగానే ముందుగా మానేసినవాడికి సూటి జవాబు: ఏబీవీకేవై రాదు. ఆరు నెలలకో పది నెలలకో వదిలేసినవాడికి రెండు రకాలుగా రాదు, రెండేళ్ళ రూలూ తగులుతుంది, తనే వదిలేసాడన్న రూలూ తగులుతుంది. ఇది నొక్కిచెప్పడం ఎందుకంటే "నేను సెట్ చేస్తా అన్నా, సగం నాకివ్వు" అనే ఏజెంట్లు తయారయ్యారు, తప్పుడు వివరాలు పెట్టి శిక్ష పడితే ఈ స్కీము రాదు, ఆ శిక్ష పడేది ఏజెంటుకి కాదు.

కానీ మానేసా అంటున్నవాళ్ళలో ఎంతమంది నిజంగా మానేసారు అనేది ప్రశ్న. మూడు రకాల వాళ్ళు ఇందులో కలిసిపోతున్నారు.

ఒకరు పండగ బాపతు. విశాఖ వైపు అచ్యుతాపురంలోనో పరవాడలోనో పని, నాలుగు రోజులు లీవు చెప్పి రాయగడ బండెక్కి వచ్చేస్తారు, ఇంట్లో వాళ్ళమ్మకి జ్వరమో పొలంలో పనో పడి పదిహేను రోజులు అయిపోతుంది, తిరిగి వెళ్తే గేట్ దగ్గర కార్డు పనిచేయదు. మోడల్ స్టాండింగ్ ఆర్డర్స్ (ఫ్యాక్టరీల్లో పని షరతులకి ప్రభుత్వం పెట్టిన నమూనా నియమాలు) ప్రకారం చెప్పకుండా పది రోజులకి మించి రాకపోవడం తప్పు కిందే లెక్క, లీవు అయిపోయాక ఎనిమిది రోజుల్లో వచ్చి కారణం చెప్పకపోతే ఆ పోస్టు మీద హక్కు పోతుందని కూడా ఉంది. అంటే ఈ మనిషిని కంపెనీ తలుచుకుంటే పని వదిలేసి పోయాడని అనొచ్చు, తప్పు చేసాడనీ అనొచ్చు, ఏదన్నా ఏబీవీకేవై పోయినట్టే. అయితే 1993లో సుప్రీంకోర్టు డి.కె. యాదవ్ కేసులో చెప్పింది ఏంటంటే, ఎనిమిది రోజులు రాలేదు కాబట్టి ఆటోమేటిగ్గా పేరు కొట్టేసాం అంటే కుదరదు, ఆ మనిషిని పిలిచి ఎందుకు రాలేదో అడగాలి, విచారణ లేకుండా తీసేయడం సహజ న్యాయానికి విరుద్ధం అని. మనోళ్ళకి ఇందులో పనికొచ్చే ముక్క చిన్నది: ఊళ్ళో ఉన్నప్పుడే సూపర్‌వైజర్‌కి వాట్సాప్‌లో "అమ్మకి బాలేదు సార్, ఫలానా తారీకు వస్తాను" అని ఒక మెసేజ్ పెట్టి, హాస్పిటల్ చీటీ ఫోటో జత చేస్తే, తర్వాత పని వదిలేసి పారిపోయాడు అని రాయడం వాళ్ళకి కష్టమవుతుంది. ఫోన్ చేసి చెప్పాను కదా అనేది నిలబడదు. ఫోన్లో మాట గాల్లో మాటే.

రెండోవాళ్ళు సంతకం బాపతు, వీళ్ళ గురించే ఎక్కువ చెప్పుకోవాలి. ఆర్డర్లు తగ్గాయి, ముప్పై మందిని తగ్గించాలి, కానీ తగ్గించాం అని రాస్తే నెల నోటీసు ఇవ్వాలి లేదా నెల జీతం ఇవ్వాలి, పైగా పనిచేసిన ప్రతి ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున పరిహారం ఇవ్వాలి. 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్లు అమల్లోకి వచ్చాక ఇంకో 15 రోజుల జీతం రీస్కిల్లింగ్ ఫండ్‌కి (కొత్త పని నేర్చుకోవడానికని పెట్టిన నిధి) జమ చేయాలి, అది 45 రోజుల్లోపు కార్మికుడి ఖాతాలో పడాలి. ఇంత ఖర్చు తప్పించుకోవాలంటే సులువైన దారి ఒకటే, అతని చేతే రాజీనామా రాయించుకోవడం. "ఇక్కడ సంతకం పెట్టు, సెటిల్‌మెంట్ తొందరగా అవుద్ది" అంటారు. కొన్నిచోట్ల చేరిన రోజే తెల్లకాగితం మీద సంతకం తీసుకునుంటారు. కాగితం ఇంగ్లీషులో ఉంటుంది, అతనికి వచ్చింది తెలుగూ ఒడియా, బస్సు టైమవుతోంది, చేతిలో నాలుగు వేలు పెడతారు, సంతకం అయిపోతుంది. ఆ కాగితంలో "వ్యక్తిగత కారణాల వల్ల" అనే ముక్క ఒకటి కచ్చితంగా ఉంటుంది. ఆ ఒక్క ముక్కతో నోటీసు జీతం పోయింది, పరిహారం పోయింది, రీస్కిల్లింగ్ డబ్బు పోయింది, ఏబీవీకేవై కూడా పోయింది. 14,000 జీతం మీద రెండేళ్ళు పూర్తయినవాడికి ఇవన్నీ కలిపితే 50,000 దాటుతుంది, చేతికొచ్చింది నాలుగు వేలు, అదీ తన పాత జీతం బాకీయే.

బలవంతంగా రాయించుకున్న రాజీనామా రాజీనామా కాదు అని వాదించొచ్చు, కానీ ఆధారం ఉండాలి, ఆధారం అప్పుడే పుట్టాలి. మరుసటి రోజుకల్లా కంపెనీ మెయిల్‌కో హెచ్ఆర్ నంబర్‌కో "నేను నా ఇష్టంతో మానేయలేదు, పని లేదని చెప్పి సంతకం పెట్టించుకున్నారు" అని రెండు లైన్లు తెలుగులోనే పంపినా చాలు. ఆరు నెలల తర్వాత ఎంత బాగా ఏడ్చినా ఆ రెండు లైన్ల విలువ రాదు. ఒకే రోజు ముప్పై మంది "వ్యక్తిగత కారణాలతో" రాజీనామా చేసారంటే లేబర్ ఆఫీసరుకి కూడా అర్థమవుతుంది, అందుకే మిగతావాళ్ళ నంబర్లు దగ్గర పెట్టుకోవాలి. కంప్లైంట్ వెళ్ళాల్సింది పనిచేసిన చోటు లేబర్ ఆఫీసుకి, ఉన్న ఊరి ఆఫీసుకి కాదు. ఫ్యాక్టరీ శ్రీకాకుళం జిల్లాలో ఉంటే పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లాలో కాగితం ఇచ్చి లాభం లేదు.

మూడోవాళ్ళు టైమ్ అయిపోయినవాళ్ళు. పదకొండు నెలల కాంట్రాక్ట్, అయిపోయింది, మళ్ళీ రాయలేదు. దీన్ని చట్టం రిట్రెంచ్‌మెంట్ (కంపెనీ మనిషిని తగ్గించుకోవడం) అనదు కాబట్టి పరిహారం రాదు. కానీ వీళ్ళు తమంతట తాము మానేసినవాళ్ళూ కాదు. వేరు వేరు కాంట్రాక్టర్ల కింద కలిపి రెండేళ్ళు నిండి ఉంటే ఏబీవీకేవై అడగాల్సినవాళ్ళు వీళ్ళే, అడగనిది కూడా ఎక్కువగా వీళ్ళే. ఇక్కడ ఇంకో గొయ్యి ఉంది. ఈఎస్ఐ నంబర్ పది అంకెలది, జీవితాంతం అదే ఉండాలి, కంపెనీ మారినా అదే. కాంట్రాక్టర్ మారినప్పుడల్లా పాత నంబర్ అడిగే ఓపిక లేక కొత్తది తీసేస్తారు, దాంతో ఇరవై నాలుగు నెలల సర్వీసు మూడు ముక్కలై మూడు నంబర్ల మీద పడుంటుంది, ఏ ముక్కలోనూ రెండేళ్ళు నిండవు. పాత కార్డు ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉంటుంది, ఆ అంకెలు ఫోన్లో దాచుకుని కొత్త చోట చేరిన రోజే చెప్పాలి.

కంపెనీ వైపు ఆ గడి ఎలా ఉంటుందో కూడా చూడాలి. ప్రతి నెలా ఈఎస్ఐ కట్టేటప్పుడు అప్‌లోడ్ చేసే ఎక్సెల్ షీట్‌లో, ఎవరికైనా పని రోజులు సున్నా ఉంటే కారణం కోడ్ వేయాలి. 1 అంటే లీవులో ఉన్నాడు, 2 అంటే సర్వీసు వదిలేసాడు, 3 రిటైర్డ్, 9 సమ్మె లేదా లాకౌట్, 10 రిట్రెంచ్‌మెంట్, 11 పని లేదు. నెలాఖరున రెండు వందల పేర్లు ఎక్కించే గుమాస్తా ఎవడైనా ఎలా వెళ్ళినా 2 కొట్టేసి ముందుకు పోతాడు. కుట్ర ఏం కాదు, చేతి అలవాటు. నెట్ సెంటర్లో ‘ఏదో ఒకటి పెట్టెయ్’ లాంటిదే, కాకపోతే కుర్చీ మారింది. వెళ్ళిపోయే రోజు ఆ గుమాస్తా దగ్గరకెళ్ళి "బాబూ, నాకు 2 వేయకు, పని లేదని పంపించారు కదా, 11 వెయ్యి" అని అడిగినవాడిని ఇంతవరకూ ఎవరూ చూసుండరు, కానీ అడగొచ్చు, అడిగితే వాడికి అర్థమవుతుంది కూడా, ఎందుకంటే రోజూ ఆ షీటుతోనే బతుకుతాడు.

క్లెయిమ్ పెట్టడానికి కంపెనీ సంతకం అక్కర్లేదు, ఇది పెద్ద వెసులుబాటు. ఉద్యోగం పోయి 30 రోజులు నిండాక ఈఎస్ఐ సైట్లో ఆన్‌లైన్‌లో పెట్టి, ఆధార్, బ్యాంక్ పాస్‌బుక్ స్కాన్ చేసి ఎక్కిస్తే సరిపోతుంది, మొదట్లో అడిగిన స్టాంపు పేపర్ అఫిడవిట్ గోల 2020 చివర్లో తీసేసారు. డాక్యుమెంట్లు ఆన్‌లైన్‌లో ఎక్కించలేకపోతే ప్రింట్ తీసి సంతకం పెట్టి తమ బ్రాంచి ఆఫీసుకి పోస్టులో పంపొచ్చు, కాబట్టి పనిచేసిన చోటు బ్రాంచికి గుణుపురం నుంచి బండెక్కి వెళ్ళాల్సిన పని లేదు. ఈలోపు ఇంకో ఉద్యోగం దొరికితే, దొరికిన రోజు నుంచి డబ్బు ఆగుతుంది, ముందు ఖాళీగా ఉన్న రోజులకి వస్తుంది.

ఫ్యాక్టరీ మొత్తం మూసేసినా, చట్ట ప్రకారం రిట్రెంచ్ చేసినా వేరే స్కీము ఉంది, దీనికంటే చాలా పెద్దది, 2005 నుంచీ ఉంది, రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన. కనీసం రెండేళ్ళు ఈఎస్ఐ కట్టుంటే 24 నెలల దాకా ఇస్తారు, మొదటి 12 నెలలు రోజు జీతంలో సగం, తర్వాత 12 నెలలు పావు, ఆ కాలమంతా కుటుంబానికి ఈఎస్ఐ వైద్యం కూడా. పైన చెప్పిన 14,000 మనిషికి ఇది లక్ష దాటుతుంది. అయితే కాగితం మీద మూసివేత అనో రిట్రెంచ్‌మెంట్ అనో కనపడాలి, మళ్ళీ అదే మాట దగ్గరకొచ్చి ఆగుతుంది కథ. రాజీనామా రాసిచ్చినవాడు పోగొట్టుకునేది 20,700 మాత్రమే కాకపోవచ్చు.

ఈఎస్ఐ వైద్యం గురించి ఒక మాట. ఉద్యోగం పోయిన రోజే కార్డు చెల్లదు అనుకుంటారు. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ వరకు కట్టిన దానికి వచ్చే ఏడాది జనవరి నుంచి జూన్ వరకు హక్కు ఉంటుంది, అక్టోబర్ నుంచి మార్చి వరకు కట్టిన దానికి జులై నుంచి డిసెంబర్ వరకు. ఇంట్లో కాన్పు ఉన్నవాళ్ళు, ఆపరేషన్ ఉన్నవాళ్ళు ఈ తారీకులు చూసుకోవాలి, తనే మానేసినవాడికి కూడా ఇది వర్తిస్తుంది.

ఇక పీఎఫ్. ముందుగా మానేసినవాడికి నిజంగా చేతికొచ్చేది ఇదే, ఎలా వెళ్ళాడని అడగనిది కూడా ఇదే. చాలా ఏళ్ళుగా ఉన్న పద్ధతి, ఉద్యోగం పోయిన నెలకి 75 శాతం, రెండు నెలలకి మిగతాది. 2025 అక్టోబర్ 13న పీఎఫ్ ట్రస్టీల బోర్డు దీన్ని మార్చాలని నిర్ణయించింది: ఉద్యోగం పోతే 75 శాతం వెంటనే తీసుకోవచ్చు, మిగతా 25 శాతం మాత్రం 12 నెలలు ఖాళీగా ఉన్నాకే, పెన్షన్ భాగం తీయాలంటే 36 నెలలు ఆగాలి. కాబట్టి పాత లెక్కతో "రెండు నెలలయింది, మొత్తం తీసెయ్ తమ్ముడూ" అనే ముందు, క్లెయిమ్ పెట్టే రోజున పోర్టల్ ఏం చూపిస్తోందో అడగడం మంచిది. డబ్బు అవసరం ఉంటే సరే గానీ, రెండు నెలల్లో ఇంకో ఉద్యోగంలో చేరేవాడు ప్రతిసారీ ఖాళీ చేసుకుంటూ పోవడం నష్టమే, సర్వీసు తెగిపోతుంది, పెన్షన్‌కి కావాల్సిన పదేళ్ళు ఎప్పటికీ నిండవు. ఐదేళ్ళు నిండకుండా 50,000 దాటి తీస్తే పాన్ ఉంటే 10 శాతం, లేకపోతే 20 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కట్ అవుతుంది, ఆదాయం పన్ను పరిధిలో లేనివాళ్ళు పాన్ ఉండి ఆ సంగతి చెప్పే ఫారం (ఇన్నాళ్ళూ 15జీ అనేవారు) ఎక్కిస్తే కట్ అవదు. నెట్ సెంటర్ వాళ్ళు ఈ ఫారం చెప్పరు, చెప్పినా దానికో వంద.

కాంట్రాక్టర్ వెళ్ళిన తారీకు ఎక్కించకుండా నాన్చుతుంటే, చివరి నెల పీఎఫ్ పడిన రెండు నెలల తర్వాత ఉద్యోగే పోర్టల్లో మార్క్ ఎగ్జిట్ అని కొట్టుకోవచ్చు, ఎవర్నీ బతిమాలక్కర్లేదు. నోటీసు పీరియడ్ చేయలేదు, బాండ్ ఉంది, కాబట్టి నీ పీఎఫ్ ఆపుతాం అంటే అది ఉత్తి బెదిరింపు, ఆ డబ్బు మీద కంపెనీకి చెయ్యి వేసే హక్కు లేదు. చివరి జీతం సంగతికొస్తే, కొత్త వేజ్ కోడ్ ప్రకారం రాజీనామా చేసినా తీసేసినా రెండు పని దినాల్లో ఇవ్వాలి. "వచ్చే నెల పదో తారీకున అందరితో పాటు" అన్న పాత పాట చట్టంలో లేదు.

బోర్డర్ జనానికి ఇంకొన్ని పాట్లు ఉన్నాయి, ఇవి విశాఖలో పుట్టి విశాఖలో పనిచేసేవాడికి తెలియవు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే ప్రావిన్స్ అయినప్పుడు పర్లాకిమిడి, రాయగడ ఇటు వచ్చేసాయి, ఇంటిపేర్లు మాత్రం ఏ వైపు ఉండాలో ఇప్పటికీ తేల్చుకోలేదు. ఆంధ్రా కంపెనీ రికార్డులో ఇంటిపేరు ముందు, ఒరిస్సా ఆధార్లో చివర. ఒక్క అప్పారావు అనే పేరే ఆధార్లో రెండు ముక్కలుగా, పాన్‌లో ఒక ముక్కగా, బ్యాంకులో రావు దగ్గర ఒక అక్షరం తేడాగా ఉంటుంది. లక్ష్మి అయితే చెప్పనే అక్కర్లేదు, ఒక చోట ఎక్స్‌తో, ఒక చోట కేఎస్‌హెచ్‌తో. క్లెయిమ్ రిజెక్ట్ అయ్యేది చాలాసార్లు ఈ ఒక్క అక్షరం మీదే. 2017 అక్టోబర్ 1 నుంచి ఇచ్చిన యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబర్) ఆధార్‌తో సరిచూసి ఉంటే, 2025 జనవరి నుంచి పేరు, పుట్టిన తేదీ లాంటివి కంపెనీ అప్రూవల్ లేకుండానే సభ్యుడే ఆన్‌లైన్‌లో సరిచేసుకోవచ్చు. అంతకుముందు యూఏఎన్ అయితే కంపెనీ ధ్రువీకరణ కావాలి, ఆ కాంట్రాక్టర్ దుకాణం ఎత్తేసుంటే ఇక తిరుగుడే. అందుకే ఈ పని ఉద్యోగంలో ఉన్నప్పుడే అవగొట్టుకోవాలి, గేట్ దాటాక హెచ్ఆర్ ఫోన్ ఎత్తడు.

అన్నిటికంటే వింత ఏంటంటే, ఇంత లెక్కలో చివరికి క్లెయిమ్ ఆగేది సిమ్ కార్డు దగ్గర. పని ఊరు వెళ్ళినప్పుడు అక్కడో సిమ్ కొంటారు, దాన్నే ఆధార్‌కి, పీఎఫ్‌కి, బ్యాంకుకి ఇస్తారు, ఊరొచ్చాక సిగ్నల్ సరిగ్గా రాదని, రెండు రీఛార్జులు ఎందుకని దాన్ని పడేస్తారు. మూడు నెలల తర్వాత ఓటీపీ ఆ చచ్చిన నంబర్‌కి పోతుంది. ముందు ఆధార్లో మొబైల్ మార్చుకుని, అప్‌డేట్ అయ్యేవరకు ఆగి, మళ్ళీ పీఎఫ్‌లో మార్చి, అప్పుడు క్లెయిమ్. ఆఖరి క్లెయిమ్ డబ్బు ఖాతాలో పడేదాకా ఆ పాత సిమ్‌ని ఏదో ఒక డొక్కు ఫోన్లో వేసి బతికించి ఉంచాలి.